తాళంగారి మూడు తాళాలు

తాళంగారి దృష్టిలో జేబులో పెన్‌డ్రైవ్ పెట్టుకుని ఆఫీసుకి వచ్చేవాడికీ, తేలు పెట్టుకుని వచ్చేవాడికీ ఒకటే తేడా. తేలు తెచ్చినవాడికి తనేం తెచ్చాడో తెలిసే ఉంటుంది.

ఆయన బడిపుస్తకాలు తయారుచేసే ఆఫీసులో సిస్టమ్స్ ఆఫీసరు. ముప్ఫై ఎనిమిది కంప్యూటర్లు ఆయన ఏలుబడిలో ఉండేవి. వాటిలో దేనికైనా సరే, బయటినుంచి తెచ్చి ఏది గుచ్చినా సరే, పెన్‌డ్రైవ్ కానీ కెమెరా కార్డు కానీ ఫోను కానీ, తెర మీద చిన్న తెల్లడబ్బా ఒకటి వచ్చి "ప్రవేశం నిరాకరించబడింది. మీ నిర్వాహకుణ్ణి సంప్రదించండి" అనేది. ఉద్యోగులు వెళ్ళి నిర్వాహకుణ్ణి సంప్రదించేవారు. ఆయన వెంటనే కుర్చీలోంచి లేచి, వాళ్ళతోపాటు వచ్చి, కళ్ళజోడు సవరించుకుని ఆ డబ్బాలో ఉన్నది మొదటినుంచి చివరిదాకా చదివేవాడు.

"సరిగ్గానే పనిచేస్తోందండీ" అని చెప్పి, తృప్తిగా తన గదికి వెళ్ళిపోయేవాడు.

ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. తాళం అన్న పేరు ఎవరో పళ్ళు కొరుక్కుంటూ పెట్టిందే. అయితే ఇస్త్రీ చొక్కా, దువ్విన తెల్లజుట్టు, ఎవరిమీదా లేవని గొంతు చూశాక ఉత్త తాళం అనడానికి నోరు రాక "గారు" తగిలించారు. తాళంగారి గదికీ ఆఫీసు హాలుకీ మధ్య ఉన్నది పలచటి చెక్కగోడ. ఆ గోడకి ఇవతల బల్ల ప్రూఫులమ్మాయిది. అచ్చుకి వెళ్ళే ప్రతి పుస్తకంలోనూ తప్పులు పట్టడం ఆమె పని. ముప్ఫై ఆరేళ్ళ మనిషిని, బడికెళ్ళే కూతురున్న తల్లిని ఇంకా అమ్మాయి అనడం ఒక తప్పే కానీ, అది మాత్రం ఆఫీసులో ఎవరూ దిద్దలేదు. ఆమెది ఏటేటా పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. పొడిగిస్తారో లేదో ఏటేటా చివరి వారందాకా తెలిసేది కాదు.

ఆమె చేరిన మొదటిరోజు కంప్యూటర్ అప్పగిస్తూ తాళంగారు, అడక్కుండానే అరగంట పాఠం చెప్పాడు. తీసిపెట్టే డిస్కులకి మూడు తాళాలుంటాయట. పెన్‌డ్రైవ్ అని ఆయన ఎప్పుడూ అనడు. ముద్దుపేరు పెట్టి పిలిస్తే జనం దగ్గరికి తీస్తారని భయం. మొదటి తాళం డిస్కులో ఉన్నది చదవడానికి, రెండోది అందులోకి రాయడానికి, మూడోది అందులో ఉన్న ప్రోగ్రాం నడవడానికి. మూడూ విడివిడిగా వేయొచ్చు, విడివిడిగా తీయొచ్చు. ఇంటికొచ్చిన చుట్టాన్ని హాల్లో కూర్చోబెట్టడం వేరు, బీరువా తెరవనివ్వడం వేరు, వంటింట్లో పొయ్యి వెలిగించనివ్వడం వేరు కదమ్మా అన్నాడు. మరి మన ఆఫీసులో ఏ తాళం వేశారండీ అని ఆమె అడిగింది.

"మూడూ" అన్నాడు.

బయటినుంచి ఫైలు తెచ్చుకోక తప్పనివాళ్ళకి ఒక దారి ఉంచాడు. ఆయన గదిలో ఒక మూల, మిగతా ఏ యంత్రంతోనూ సంబంధం లేకుండా, పాత కంప్యూటర్ ఒకటి ఒంటరిగా కూర్చుని ఉండేది. దాన్ని అందరూ ఆస్పత్రి అనేవారు. డిస్కుని అక్కడ చేర్చాలి. తాళంగారు దాన్ని అన్ని రకాలుగా పరీక్షించి, కావలసిన ఫైలు ఒక్కటే బయటికి తీసి, తానే చేరవలసినచోటికి చేర్చి, "పరీక్షించడమైనది, దోషం లేదు" అని చీటీ రాసి డిస్కు తిరిగి ఇచ్చేవాడు. దీనికి గంట పట్టొచ్చు, రెండు రోజులు పట్టొచ్చు. అది డిస్కుని బట్టి కాదు, తెచ్చినవాడు ఎంత తొందరపడుతున్నాడన్న దాన్నిబట్టి అని హాల్లో ఒక అభిప్రాయం ఉండేది.

పేజీలు కట్టే లేఅవుట్ మనిషి నెలరోజులు వెంటపడి ఒక తాళం తీయించుకున్నాడు. సాధించానని హాలంతా టీలు పోయించాడు. తీరా చూస్తే, ఆయనకి దొరికింది రాయడానికి అనుమతి. చదవడానికి లేదు. పేజీలు డిస్కులోకి పంపగలడు కానీ, వెళ్ళాయో లేదో తెరిచి చూసుకోలేడు. వెళ్ళి అడిగాడు.

"ఎక్కాయో లేదో నాకెలా తెలుస్తుందండీ?"

"ఎక్కాయని నమ్మాలండీ."

"నమ్మకం కుదరకపోతే?"

"ఇంకోసారి ఎక్కించండి. దానికి అనుమతి ఉంది మీకు."

ఇది జరిగిన వారానికి డిస్పాచిలో పనిచేసే పెద్దావిడ, ఉక్కపోతకి ఆగలేక, అరచేయంత ఫ్యాను ఒకటి తెచ్చి కంప్యూటర్‌కి గుచ్చుకుంది. గుచ్చిన రెండు నిమిషాలకి తాళంగారు ఆమె ముందు నిలబడ్డాడు. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఆయన దాన్ని ముందునుంచీ వెనకనుంచీ చూశాడు. ఇదేమిటండీ అని అడిగాడు. ఫ్యాను బాబూ అంది ఆవిడ.

"ఫ్యానని అదే చెప్పుకుంటుందండీ. లోపల ఏముందో మనకి తెలీదు కదా."

పట్టుకెళ్ళాడు. మరలు విప్పి, రెక్కలు తీసి, లోపలున్న చిన్న మోటారు మీద భూతద్దం పెట్టి చూశాడు. రెండోరోజు మధ్యాహ్నం చీటీతో సహా తెచ్చి ఇచ్చాడు. చీటీలో "పరీక్షించడమైనది. ఫ్యానే" అని ఉంది. ఆవిడ ఆ చీటీని బల్ల అద్దం కింద పెట్టుకుంది. ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుందని.

ఇంట్లోనూ ఇదే వరస అని ప్రూఫులమ్మాయికి తాళంగారి భార్య చెప్పింది. ఆవిడ అప్పుడప్పుడు ఆఫీసుకి వచ్చి, ఆయన మీటింగులో ఉంటే ప్రూఫులమ్మాయి బల్ల దగ్గర కూర్చునేది. అలా పిన్నిగారూ, అమ్మాయ్ అనుకునే దాకా వచ్చారు. ఆవిడ తమ్ముడు కూతురి పెళ్ళి ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, అక్కకి చూపిద్దామని వచ్చాడట. బావగారు బావమరిదిని సోఫాలో కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, డిస్కుని మాత్రం సబ్బుపెట్టెలో వేసి మూతపెట్టి ఆఫీసుకి పట్టుకెళ్ళాడు. అది ఆస్పత్రిలో చేరి, కోలుకుని, ఇల్లు చేరి, ఆవిడ ఆ ఫొటోలు చూసేసరికి కొత్త దంపతుల మొదటి పోట్లాట, రాజీ కూడా పూర్తయ్యాయి. పైగా ఆయన ఆ ఫొటోలన్నీ ఆస్పత్రిలోనే ఒక్కొక్కటీ తెరిచి పరీక్షించాడు కాబట్టి, భోజనాల దగ్గర ఎవరు ఎవరి పక్కన కూర్చున్నదీ ఆవిడకంటే బాగా చెప్పగలిగేవాడు.

ఇంతటి కోటకి ఒకేచోట కన్నం పడింది. పెట్టింది డైరెక్టరుగారు.

డైరెక్టరుగారు ఏదో మహాసభకి వెళ్ళొచ్చారు. అక్కడ అతిథులందరికీ చేప ఆకారంలో ఉన్న పెన్‌డ్రైవ్ బహుమతిగా ఇచ్చారు. చేప తల ఊడదీస్తే లోపల ప్లగ్గు. ముచ్చటపడి తన కంప్యూటర్‌కి గుచ్చుకున్నారు. తెల్లడబ్బా వచ్చింది. తాళంగారికి కబురు వెళ్ళింది. చెక్కగోడ పక్కన కాకపోయినా, ఆ సంభాషణ ప్రూఫులమ్మాయికి అక్షరం పొల్లుపోకుండా తెలుసు. డైరెక్టరుగారి పీయే తలుపు దగ్గర నిలబడి విని, ఆ సాయంత్రం కనబడిన ప్రతివారికీ అప్పజెప్పాడు.

"నేను ఈ ఆఫీసు డైరెక్టర్ని" అన్నారు డైరెక్టరుగారు.

"ఆ సంగతి కంప్యూటర్‌కి తెలుసండీ. చేపకే తెలీదు" అన్నాడు తాళంగారు.

మర్నాడు కాగితం మీద ఆర్డరు వచ్చింది. డైరెక్టరు గది యంత్రానికి ఏ తాళమూ ఉండకూడదని. తాళంగారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఫైల్లో పెట్టి, వెళ్ళి మూడు తాళాలూ తీశాడు. ఆరోజు మధ్యాహ్నం ఆయన సరిగ్గా భోజనం చేయలేదు. డైరెక్టరుగారు ఆ చేపని మళ్ళీ వాడనే లేదు. దాన్ని ఏం చేసుకోవాలో ఆయనకి తెలీదు. కన్నం మాత్రం అలాగే ఉండిపోయింది.

అసలు సంగతి ఏడో తరగతి సైన్సు పుస్తకం దగ్గర మొదలైంది. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి పుస్తకం ప్రెస్సుకి వెళ్ళాలి. ఆఖరిసారి పేజీలు తిప్పుతుంటే ప్రూఫులమ్మాయికి తొంభై రెండో పేజీలో గుండె బొమ్మ కనిపించింది. అంతకుముందు నాలుగుసార్లు కనిపించిందే. ఈసారి మాత్రం ఆమె గుండె ఒకసారి ఆగి కొట్టుకుంది. ఎర్రగా ఉండాల్సిన సగం నీలంగా ఉంది, నీలంగా ఉండాల్సింది ఎర్రగా ఉంది. ఆ పుస్తకం రెండు లక్షల మంది పిల్లలు చదువుతారు. వాళ్ళలో ఆమె కూతురు కూడా ఉంది. లేఅవుట్ మనిషి దీనికింత కంగారెందుకని బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పేశాడు. రంగులు సరిపోయాయి. గుండె కుడివైపుకి వెళ్ళిపోయింది.

బొమ్మ వేసినాయన ఊరి చివర ఉండే పెద్ద చిత్రకారుడు. సంగతి విన్నాడు, తప్పు ఒప్పుకున్నాడు, తెల్లారేసరికి కొత్త బొమ్మ వేస్తానన్నాడు. వేశాడు కూడా. కానీ ఆయన బొమ్మలు పెద్ద కాగితం మీద వేస్తాడు, అది ఆఫీసు స్కానరులో పట్టదు. అందుకని దారిలో ఒక జిరాక్సు షాపులో స్కాన్ చేయించి, వాళ్ళు వేసిచ్చిన పెన్‌డ్రైవ్ పట్టుకుని పదకొండున్నరకి ఆఫీసుకి వచ్చాడు.

ఆరోజే, తొమ్మిదేళ్ళలో మొదటిసారి, తాళంగారు సెలవు పెట్టాడు. భార్యకి కంటి ఆపరేషను. గదికి తాళం. ఆస్పత్రి కంప్యూటర్ ఆ గది లోపల. ఆయన ఫోను ఆపరేషను థియేటరు బయట స్విచాఫ్. డైరెక్టరుగారు ఇంకో మహాసభలో, వేదిక మీద. ప్రూఫులమ్మాయి గడియారం చూసింది. పెన్‌డ్రైవ్ చూసింది. తర్వాత పీయే దగ్గరికి వెళ్ళి, డైరెక్టరుగారి గదిలో ఐదు నిమిషాల పని ఉందని చెప్పింది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఐదు నిమిషాలే పట్టింది.

డిస్కు తెరవగానే చిత్రకారుడి పేరుతో ఒక ఫోల్డరు కనిపించింది. దాన్ని నొక్కితే ఏమీ జరగలేదు. ఇంకోసారి నొక్కింది. దాని పక్కనే బొమ్మ ఉంది. అది అందరూ వాడే ఉమ్మడి ఫోల్డరులోకి పంపించింది, లేఅవుట్ మనిషి పేజీలో పెట్టాడు, పన్నెండూ యాభైకి పుస్తకం ప్రెస్సు చేరింది. గుండె ఎడమవైపునే ఉంది, రంగులు దేని చోట అవి ఉన్నాయి. ఆమె తృప్తిగా కూతురికిష్టమైన పెన్సిళ్ళు కొనుక్కెళ్ళాలని అనుకుంది.

మూడున్నరకి లేఅవుట్ మనిషి నాలుగో తరగతి లెక్కల పుస్తకం తెరవబోయాడు. తెరుచుకోలేదు. పేరు చివర అర్థంలేని అక్షరాలు ఏవో తోకలా వేలాడుతున్నాయి. ఐదో తరగతిదీ అంతే. పదకొండు పుస్తకాలు, ఎనిమిది నెలల పని, ఒక్క ఫైలూ తెరుచుకోవడం లేదు. హాల్లో ముప్ఫై మంది లేచి నిలబడ్డారు. ప్రూఫులమ్మాయికి రెండుసార్లు నొక్కినా తెరుచుకోని ఆ ఫోల్డరు గుర్తొచ్చింది. అది ఫోల్డరు వేషంలో ఉన్న ప్రోగ్రామని, మూడో తాళం ఇలాంటిదాని కోసమేనని ఇప్పుడు అర్థమైంది.

డైరెక్టరుగారి తర్వాతి మనిషి డిప్యూటీగారు గదిలోంచి బయటికి వచ్చారు. ఆయనకి లోకంలో నచ్చిన ప్రశ్న ఒక్కటే, "ఎవరు?" కుళాయి కారినా ఎవరని అడిగేవారు, వాన కురిసినా కిటికీ ఎవరు తీశారని అడిగేవారు. ఇప్పుడూ అదే అడిగారు. ఒక్కొక్కరి బల్ల దగ్గరా ఆగి అడిగారు. ఎవరైనాసరే, సాయంత్రానికి పేరు తేలాలి, తేలినవాళ్ళు రేపటినుంచి రానక్కర్లేదు అన్నారు. ప్రూఫులమ్మాయి నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. కాంట్రాక్టు పొడిగించాల్సిన నెల అదే.

ఆపరేషనయ్యాక ఫోను ఆన్ చేయగానే కబురు అంది, నాలుగున్నరకి టాక్సీలో తాళంగారు దిగాడు. ఒక చేత్తో, కంటికి కట్టుకట్టిన భార్యని నడిపిస్తున్నాడు. రెండో చేతిలో ఉన్ని శాలువాలో చుట్టిన పొట్లం ఒకటి ఉంది. అందరూ ఒక్కసారిగా చుట్టూ మూగి చెప్పబోయారు. ఆయన అన్ని యంత్రాల వెనకనుంచీ, ఒకదాన్నొకటి కలిపే తీగలు ఊడదీయమన్నాడు. తర్వాత ప్రెస్సుకి ఫోను చేసి, వచ్చిన పుస్తకం తప్ప మనవి ఇంకేవీ తెరవొద్దని చెప్పాడు. డిప్యూటీగారు వెనకాలే తిరుగుతూ ఎవరో ముందు కనిపెట్టండి అంటున్నారు. కనిపెడతానండీ, ముందు పుస్తకాలు కనిపెట్టనివ్వండి అన్నాడు తాళంగారు.

శాలువా విప్పితే అందులో ఉన్నది నల్లటి డిస్కు. తీసిపెట్టే డిస్కు. తీగతో గుచ్చుకునేది.

హాల్లో చాలామంది దాన్నీ ఆయన్నీ మార్చిమార్చి చూశారు. ప్రతి సాయంత్రం ఆఫీసు మూసే ముందు ఆయన మొత్తం పనంతా ఒక డిస్కులోకి ఎక్కించుకుని ఇంటికి పట్టుకెళ్ళేవాడు. అలాంటివి రెండున్నాయి, ఒకటి మారిస్తే ఒకటి. లోకంలో ఆయన నమ్మే డిస్కులు ఆ రెండే. రెండూ నిద్రపోయేది ఆయన భార్య బీరువాలో.

"తొమ్మిదేళ్ళనుంచి నా బట్టలు పెట్టుకోవడానికి అర కూడా లేదమ్మాయ్" అంది పిన్నిగారు, తాళంగారి కుర్చీలో స్థిరపడుతూ. "బీరువా తాళంచెవి నా దగ్గరుంది కాబట్టి నన్ను కూడా కంటాస్పత్రినుంచి మోసుకొచ్చారు. కన్నెలా ఉందని కూడా అడగలేదు ఈయన."

నిన్న సాయంత్రం వరకూ ఉన్న పనంతా ఒక్కొక్కటిగా తిరిగి వస్తోంది. తాళంగారు ప్రూఫులమ్మాయిని పిలిచి, వచ్చిన ఫైళ్ళు తెరిచి పేజీలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడమన్నాడు. ఆమె రెండు పుస్తకాలు చూసింది. మూడోది తెరవబోయి ఆగిపోయింది.

"గురువుగారూ, పొద్దున ఆ డిస్కు పెట్టింది నేనే."

ఆయన తెరమీంచి కళ్ళు తిప్పలేదు. "పదకొండూ నలభై రెండుకి" అన్నాడు. "తెలుసమ్మా."

ఏ యంత్రానికి ఏ డిస్కు ఎన్నింటికి గుచ్చారో యంత్రమే రాసిపెట్టుకుంటుందట. ఆ టైముకి డైరెక్టరుగారు వేదిక మీద ఉన్నారు, పీయేకి కంప్యూటర్ ఆన్ చేయడం రాదు, గుండె బొమ్మ కావలసింది ఒక్క మనిషికి. ఇందులో కనిపెట్టడానికి పెద్దగా ఏమీ లేదన్నాడు.

"డిప్యూటీగారికి నేనే వెళ్ళి చెప్పేస్తానండీ."

"చెప్పి?"

ఆయన మళ్ళీ కీబోర్డు మీదికి వంగాడు. అప్పుడు కుర్చీలోంచి పిన్నిగారు, "ఆ టైపిస్టు సంగతి చెప్పండి అమ్మాయికి. ముప్ఫై ఏళ్ళనుంచి నాకొక్కదానికే చెబుతున్నారు, నాకు కంఠతా వచ్చేసింది" అంది.

తాళంగారు తన తొలి ఉద్యోగం గురించి చెప్పాడు. ఫ్లాపీలు వాడే రోజులు. ఆ ఆఫీసులో ఒక టైపిస్టు, కొడుకు బడికి కావలసిన రెండు పేజీల వ్యాసం ఏదో అచ్చు తీసుకుందామని ఇంటినుంచి ఫ్లాపీ తెచ్చి పెట్టింది. దాంతోపాటు వచ్చిన వైరసు ఆఫీసునంతా తుడిచిపెట్టేసింది. ఎవరు, ఎవరు అని పైవాళ్ళు అరిచారు. యంత్రాలు చూసుకునే కొత్త కుర్రాడిగా భయపడి, అప్పుడు తాను ఆవిడని వేలెత్తి చూపించాడు. అదే సాయంత్రం ఆవిడని ఇంటికి పంపేశారు. పన్నెండేళ్ళ సర్వీసు. వెళుతూ, ఆ రెండు పేజీలూ అచ్చయ్యాయా బాబూ అని అడిగిందట.

"తాళం వేయాల్సినవాణ్ణి నేను. వేయలేదు. ఇంటికెళ్ళింది ఆవిడ" అన్నాడు. "వేసుంటే ఎవరూ తప్పు చేయలేరమ్మా. చేద్దామన్నా కుదరదు. వేయకపోతే తప్పు నాది. అంతే లెక్క."

ఆ తర్వాత ఆవిడ ఏమయ్యారని ఆమె అడిగింది. ఏడాది తిరిగి, తెలిసినవాళ్ళ కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని ఇంకో ఆఫీసులో పెట్టించానన్నాడు. మంచి ఆఫీసు వెతికాను, అక్కడ కంప్యూటర్లు లేవు అన్నాడు. తర్వాత, మూడో పుస్తకం ఇంకా తెరవలేదేమిటమ్మా అన్నాడు.

మర్నాడు పది గంటలకి డైరెక్టరుగారి గదిలో మీటింగు. డిప్యూటీగారు కాగితం, కలం సిద్ధంగా పెట్టుకుని, పేరు రాసుకోవడానికి కూర్చున్నారు. ప్రూఫులమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. రాత్రంతా ఆలోచించి, పేరు అడిగితే తానే చెప్పాలని నిశ్చయించుకుని వచ్చింది. తాళంగారు లేచి, ఒక పేజీ రిపోర్టు చదివాడు. నష్టం, ఒకరోజు పని. కారణం, డైరెక్టరు గది యంత్రానికి మూడు తాళాలూ తీసి ఉంచడం. తీసినవారు, సిస్టమ్స్ ఆఫీసరు. ఏ ఆర్డరు మీద తీశారో ఆ కాగితం జతచేయడమైనది.

డైరెక్టరుగారు దగ్గారు.

"అది సరే. డిస్కు పెట్టింది ఎవరు?" అన్నారు డిప్యూటీగారు.

"నేనండీ" అంది ప్రూఫులమ్మాయి.

గదిలో అందరూ వెనక్కి తిరిగారు. తాళంగారు మాత్రం ఆమె ఏదో దారినపోయే సంగతి చెప్పినట్టు తలాడించి, పేజీ కిందికి వేలు జరిపాడు.

"అవునండీ. రెండో తప్పు కూడా నాదే, అది కింద రాశాను. నేను సెలవు పెడుతూ ఆస్పత్రి గదికి తాళం వేసుకెళ్ళాను. పుస్తకం ప్రెస్సుకి వెళ్ళాల్సిన రోజున ఒక ఉద్యోగి రెండు లక్షల గుండెలు సరిచేయాల్సి వస్తే, చేయడానికి నేను దారి ఉంచలేదు. ఆవిడ దగ్గర మిగిలింది ఈ గది ఒక్కటే. ఈ గదికి తాళం లేదు. ఎందుకు లేదో జతచేసిన కాగితంలో ఉందండీ."

డైరెక్టరుగారు ఈసారి ఎక్కువసేపు దగ్గారు. మంచినీళ్ళు తాగి, ఆ జతచేసిన కాగితం మళ్ళీ చదవక్కర్లేదు, తీసేయండి అన్నారు. జరిగిందేదో జరిగింది, ఈ గది యంత్రానికి కూడా తాళాలు వేసేయండి అని కూడా అన్నారు. పొద్దున ఎనిమిదింటికే వేశానండీ అన్నాడు తాళంగారు.

రిపోర్టు చివర ఒక సూచన ఉంది. సిస్టమ్స్ ఆఫీసరు లేని రోజుల్లో ఆస్పత్రి నడపడానికి ఇంకొకరు ఉండాలి. తప్పులు పట్టడం అలవాటున్న మనిషైతే మేలు, కాబట్టి ప్రూఫులు చూసేవారిని ప్రతిపాదించడమైనది. పని నేర్పడానికే ఏడాది పడుతుంది. కనుక ఏడాది కాంట్రాక్టు ఈ పనికి ఏమాత్రమూ చాలదు, కనీసం ఐదేళ్ళుండాలి. డిప్యూటీగారు ఏదో అనబోయారు. డైరెక్టరుగారు, దగ్గు మళ్ళీ రాకముందే, సంతకం పెట్టేశారు.

నిజానికి ఆ పని నేర్చుకోవడానికి ఆమెకి తొమ్మిది రోజులు పట్టింది. ఆ సంగతి ఇద్దరూ ఎవరికీ చెప్పుకోలేదు.

మూడు నెలల తర్వాత పిన్నిగారి రెండో కంటికి ఆపరేషను. తాళంగారు సెలవు పెట్టి, ఆస్పత్రి గది తాళంచెవి ప్రూఫులమ్మాయి చేతిలో పెట్టి వెళ్ళాడు. పదిన్నరకి డిప్యూటీగారు పెన్‌డ్రైవ్ పట్టుకుని హడావిడిగా వచ్చారు. పన్నెండింటికి పైవాళ్ళ ముందు ఉపన్యాసం ఉంది, ఇంట్లో తయారుచేసుకున్న పేజీలు ఇందులో ఉన్నాయి, రెండు నిమిషాల్లో ఇచ్చేయమన్నారు.

ప్రూఫులమ్మాయి ఆ డిస్కుని అంచులు పట్టుకుని అందుకుంది. ముందునుంచీ వెనకనుంచీ చూసింది. కూర్చోండి సార్ అని కుర్చీ చూపించి తలుపు వేసుకుంది. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. డిప్యూటీగారు మూడుసార్లు గడియారం చూసుకుని, రెండుసార్లు తలుపు కొట్టారు. నలభై నిమిషాలకి ఆమె బయటికి వచ్చింది.

"వైరస్‌లేమీ లేవు సార్" అంది. "అచ్చుతప్పులు పదిహేడున్నాయి. అవి దిద్దుకుంటే కానీ ఇది లోపలికి రానివ్వలేనండీ."